మదురై జైలు గది నుంచి మహిళా సభ దాకా



జూన్ నెలలో బడులు తెరిచే రోజుల్లో మన బోధన్ బస్టాండులో కాసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. ఒక తల్లి, పక్కన పదకొండు పన్నెండేళ్ల పిల్లవాడు, వాడి కాళ్ల దగ్గర ఒక రేకు పెట్టె, దాని మీద చుట్టిపెట్టిన దుప్పటి, ఒక బకెట్టు. పిల్లవాడిని హాస్టలులో దింపి రావడానికి ఆమె బయలుదేరింది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంది. లేదా ఇద్దరూ చెరకు నరికే కూలీలై సీజను పొడుగునా ఊరూరూ తిరుగుతారు. షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడ్డాక పని వెతుక్కుంటూ వలసపోయిన కుటుంబాల పిల్లలూ ఇలాగే హాస్టళ్లకు చేరారు. తల్లిదండ్రులు లేని పిల్లల సంగతి సరేసరి.

హాస్టలులో వారికి అన్నం దొరుకుతుంది, పుస్తకం దొరుకుతుంది, పడుకోవడానికి చోటు దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. అయితే పదేళ్ల తరువాత అదే రేకు పెట్టెతో ఆ గేటు దాటి బయటికి వచ్చే కుర్రవాడికి ఏమేమి వచ్చి ఉండాలి?

ఈ ప్రశ్న నాకు ఊరికే తోచలేదు. కొన్నేళ్ల క్రితం, ఆరేళ్ల వయసు నుంచి హాస్టలులోనే పెరిగి పదో తరగతి ముగించిన ఒక అబ్బాయి సెలవుల్లో మా విచారణ గృహంలో కొన్ని వారాలు ఉన్నాడు. ఎంతో మర్యాద గలవాడు. చెప్పిన పని చేసేవాడు. చెప్పని పని ఒక్కటీ చేసేవాడు కాదు. భోజనాల వేళకు పిలిచేవరకు గంట కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుండేవాడు. ఏ కూర ఇష్టమని వంటమనిషి అడిగితే నేలచూపులు చూసేవాడు. ఆ ప్రశ్న వాడినెవరూ అంతవరకు అడిగినట్టు లేదు. నూరు రూపాయల నోటు ఇచ్చి కిరాణా కొట్టుకు పంపితే చిల్లర లెక్క చూసుకోకుండా గుప్పిట్లో పట్టుకొచ్చాడు. ఒకరోజు ఇంటి నుంచి రావలసిన ఫోను రాలేదు. వాడు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. రాత్రి స్నానాల గదిలో అద్దం పగిలిన చప్పుడు వినబడింది.

నేనేమి చేశాను? కూర్చోబెట్టి అరగంట సేపు సహనం గురించి ఉపదేశం చేశాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. వినడం వాడికి బాగా అలవాటు. వాడి కడుపులో ఏముందో అడగాలని మాత్రం నాకు తోచలేదు. నేనూ పద్నాలుగో ఏట ఇల్లు వదిలి గంటల లెక్కన బతకడం నేర్చినవాడినే. దీపాలార్పిన తరువాత దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చిన రోజులు నాకూ ఉన్నాయి. అయినా తోచలేదు.

ఆ తరువాత కొంతకాలానికి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం మళ్లీ చదవవలసి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘ సంస్కర్త. ఆ రెండు బిరుదుల కింద పరీక్షకు నాలుగు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయారు. కానీ ఆమె కథను నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లల వైపు నుంచి చూస్తే వేరే రూపం కనబడుతుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. తండ్రి పరోపకారి అని పేరు. కలరా వంటి జాడ్యాలు వచ్చినప్పుడు అందరూ తలుపులు మూసుకుంటే ఆయన రోగుల దగ్గరికి వెళ్లేవారట. అటువంటి తండ్రి కూడా ఆనాటి ఆచారాన్ని కాదనలేకపోయారు. ఎనిమిదేళ్ల పిల్లకు సుబ్బారావు అనే జమీందారీ కుటుంబపు యువకునితో పెండ్లి చేశారు.

పెండ్లి అంటే ఏమిటో తెలిసే వయసు వచ్చాక ఆ అమ్మాయి చేసిన పని ఆ రోజుల్లో ఎవరూ ఊహించనిది. భర్తతో తానే మాట్లాడింది. తాను కాపురానికి తగిన మనిషిని కాననీ, తన మార్గం వేరనీ, ఆయన మరొకరిని చేసుకుంటే తనకు అభ్యంతరం లేదనీ స్పష్టంగా చెప్పింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లుంటాయి. ఆయనా అంగీకరించి మరో వివాహం చేసుకున్నారు. ఇందులో ఎవరి మీదా నింద లేదు, వీధిన పడిన తగవు లేదు. తండ్రీ అన్నదమ్ములూ ఆమె పక్షాన నిలిచారు. పదిహేనేళ్ల పిల్ల తన మనసులో ఉన్నదాన్ని ఏడ్చి కాకుండా, అలిగి కాకుండా, మాటల్లో పెట్టి ఎదుటి మనిషికి చెప్పగలగడం ఎంత కష్టమో యువతీ యువకుల మధ్య పనిచేసేవారికి తెలుసు. పెద్దవారమైన మనలో ఎంతమందిమి చేయగలం?

ఈ కథలో తరువాతి ఘట్టం కూడా ఇక్కడే చెప్పాలి. 1941లో సుబ్బారావు గారు మరణించారు. ఆయన భార్య దిక్కులేనిదైంది. అప్పుడు ఆమెను చేరదీసి, చేతిపని నేర్పించి, తన కాళ్ల మీద తాను నిలబడేలా చేసిన వ్యక్తి దుర్గాబాయి గారే. దీని మీద నేను వ్యాఖ్య రాయను.

పన్నెండేళ్ల వయసులో, బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దడం నచ్చక ఆమె చదువు మానేశారు. మానేసి ఇంట్లో కూర్చోలేదు. తానే ఒక బాలికా హిందీ పాఠశాల తెరిచి ఇరుగుపొరుగు ఆడవారికి హిందీ చెప్పడం మొదలుపెట్టారు. 1921లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసినప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఊళ్లో దేవదాసీలున్నారు, గోషా పాటించే ముస్లిం స్త్రీలున్నారు. వీరెవరూ బహిరంగ సభకు రాలేరు. వీరికోసం గాంధీజీ విడిగా కొన్ని నిమిషాలైనా ఇవ్వాలి. నిర్వాహకులు ఈ చిన్నపిల్లను వదిలించుకోవడానికి, అయిదు వేల రూపాయల నిధి సమకూర్చితే చూస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలు! ఆ డబ్బు ఇచ్చింది మరెవరో కాదు, ఆ దేవదాసీలే. గాంధీజీ వచ్చారు, అనుకున్నదానికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. ఆ మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పిన పిల్ల దుర్గాబాయి. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. సమాజం ఒక మూలకు నెట్టి ఉంచిన మనుషులకు, మీ దగ్గరా ఇవ్వడానికేదో ఉంది అని చూపించిన మొదటి పాఠం అది. ఆమెకు కూడా అది పాఠమే.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల ఖద్దరు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని గుమ్మం దగ్గర ఆపేసిన వాలంటీరు ఈమే అన్న కథ అందరికీ తెలిసిందే కనుక దాన్ని పొడిగించను. పెద్దవారు దాన్ని తమాషాగా చెప్పుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్లకు నిజమైన బాధ్యత అప్పగించి, ఆమె దాన్ని నెరవేర్చినప్పుడు పెద్దలు ఆమెను కోప్పడలేదు. నాకు ముఖ్యమనిపించేది అది. మనం పిల్లలకు బాధ్యత అప్పగిస్తాం, వారు దాన్ని మన మీదే ప్రయోగిస్తే వెంటనే లాక్కుంటాం.

ఇక జైలు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో సాగినప్పుడు ఆమె ముందు నిలిచారు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్లారు. మొదట వేలూరులో ఉన్నప్పుడు, రాజకీయ ఖైదీలతోపాటు హత్యలు, దొంగతనాలు చేశారన్న నేరం మీద శిక్ష పడిన స్త్రీలను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. వారిలో అనేకులు తమ మీద మోపిన నేరమేమిటో సరిగా తెలియనివారు. కోర్టులో ఏమడిగారో, తామేమి చెప్పారో తెలియదు. తమ తరఫున నోరు విప్పేవారు లేరు, తమకై తాము నోరు విప్పడం రాదు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు ఆ స్త్రీల మధ్య కలిగింది.

తరువాత మదురై జైలు. అక్కడ దాదాపు ఏడాదిపాటు ఏకాంత ఖైదు అనుభవించారు. ఒంటరితనాన్ని గురించి తత్త్వశాస్త్రంలో మేము చాలా చదివాము. మునులు కోరి వెళ్లే ఏకాంతం వేరు, తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టిన ఏకాంతం వేరు. మొదటిది మనిషిని లోపలికి తీసుకువెళుతుంది, రెండవది లోపలి నుంచి తినేస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల యువతి ఆరోగ్యం ఆ గదిలో దెబ్బతిన్నది, నరాల బలహీనత పట్టుకున్నది. అక్కడే ఆమె పుస్తకం పట్టుకున్నారు. ఏ ఇంగ్లీషును కాదని బడి మానేశారో ఆ ఇంగ్లీషు మీదే పట్టు సాధించడానికి పూనుకున్నారు. ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని, పరిస్థితి మారినప్పుడు మార్చుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

విడుదలై వచ్చాక రాజకీయాల నుంచి కొంత పక్కకు తప్పుకుని చదువు మీద కూర్చున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, ఆ తరువాత పై చదువు. బి.ఏ. ఆనర్సు కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు ఒక చిక్కు చెప్పారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కనుక చేర్చుకోవడం కుదరదు. ఆమె వాదనకు దిగలేదు. పత్రికలో ఒక ప్రకటన వేయించారు: హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే తనకు రాయమని. పదిమంది దాకా వచ్చారు. ఒక వసతి చూసుకుని, వారే హాస్టలు నడుపుకున్నారు. ఆ తరువాత విశ్వవిద్యాలయానికి కాదనడానికి కారణం మిగల్లేదు. రాజనీతి శాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని వకీలుగా పనిచేశారు.

ఇక్కడ నాదొక మాట. మనం నడిపే హాస్టళ్లలో పిల్లలు హాస్టలులో ఉంటారు. వాల్తేరులో ఆ పదిమంది అమ్మాయిలు హాస్టలును నడిపారు. రెండింటికీ ఉన్న తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. సెమినరీలో అరిస్టాటిల్‌ను చెప్పిన మా గురువు గారు, ఇల్లు కట్టడం వల్లనే మనిషి మేస్త్రి అవుతాడనీ, వీణ వాయించడం వల్లనే వైణికుడవుతాడనీ, సద్గుణాలు కూడా అంతేననీ వివరించేవారు. మేము దాన్ని పరీక్షలో శ్రద్ధగా రాశాము. నెలకు ఎంత బియ్యం కావాలో, కూరగాయల బజారులో బేరం ఎలా ఆడాలో, గదిలో తోటివాడితో తగవు వస్తే ఎలా తీర్చుకోవాలో మాకెవరూ చెప్పలేదు. గురువునై మొదటి విచారణకు వెళ్లిన నెలలోనే ఆ లోటు బయటపడింది.

ఈ చదువుల నడుమనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మన షక్కర్‌నగర్ కర్మాగారం పుట్టిన ఏడాది కూడా అదే. కర్మాగారం మూతబడింది, మహిళా సభ సంస్థలు మద్రాసులోనూ హైదరాబాదులోనూ మిగిలాయి. మైలాపూరు ప్రాంతంలో చిన్నపిల్లలను చేర్చి హిందీ నేర్పడం, ఆటపాటలు, నాటకాలు ఆడించడంతో ఆరంభమైన పని అది. పిల్లల వెంట తల్లులు వచ్చారు. తల్లుల వెంట, చదువు మధ్యలో ఆగినవారు, బాలవితంతువులు, భర్త వదిలేసినవారు వచ్చారు. వారికి బెనారస్ మెట్రిక్యులేషన్‌కు తరగతులు పెట్టారు. దూరం నుంచి వచ్చినవారికి వసతి గృహం ఏర్పడింది. కుట్టుపని, నేత, చేతివృత్తులు వచ్చాయి. ఆ తరువాత నర్సుల శిక్షణ, ఆసుపత్రి. ఆంధ్ర మహిళ అనే పత్రిక.

ఆ వసతి గృహంలో చేరే ఆడపిల్లను ఒకసారి ఊహించుకోండి. పదహారు, పదిహేడేళ్లుంటాయి. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. భర్త చనిపోయిన నేరం తనదేనని ఇంట్లో విని విని నమ్మింది. ఇటువంటి పిల్లకు ముందు ఏమి ఇవ్వాలి? ఓదార్పు మాటలా? దుర్గాబాయి గారి పద్ధతి వేరు. ముందు చేతికి పని, చేతికి పలక. రెండేళ్లలో పరీక్ష ఉంది, కూర్చో అన్నట్టు. ఇది కఠినంగా కనిపిస్తుంది. కానీ నేను ఈ పని వల్ల పనికొస్తాను అన్న ఎరుక లోపల కలిగిన తరువాతే ఆ పిల్ల తలెత్తి మాట్లాడుతుంది. మాట్లాడిన తరువాతే ఆమె దుఃఖం ఏమిటో మనకు తెలుస్తుంది. పైగా ఆ గదిలో ఆమె ఒక్కతే కాదు, అదే గాయం ఉన్నవారు మరో పదిమంది ఉన్నారు. మదురైలో ఒంటరి గదిలో ఉండి వచ్చిన మనిషి నడిపిన గృహం అది.

అయినా ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ తరం వారికి పరీక్ష మీద, ధ్రువపత్రం మీద నమ్మకం ఎక్కువ. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు దొరికాయి అన్నది లెక్క. రాత్రి నిద్రపట్టని పిల్ల సంగతి ఏ నివేదికలోనూ గడిగా ఉండదు. భావోద్వేగాల ఆరోగ్యం అన్న మాటే అప్పటికి మన భాషలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నైపుణ్యాల పేరిట పదింటిని పేర్కొన్నది: తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను విప్పుకోవడం, మనసులో మాట చెప్పడం, ఒత్తిడినీ ఆవేశాన్నీ తట్టుకోవడం వంటివి. ఆ పట్టిక చూసినప్పుడు, దుర్గాబాయి గారి జీవితంలోనుంచే ఏరి రాశారా అనిపించింది. పదిహేనేళ్లకు భర్తతో మాట్లాడిన తీరు ఒకటి, వాల్తేరు ప్రకటన ఒకటి, జైలులో ఇంగ్లీషు పుస్తకం మరొకటి. తనకు వచ్చిన ఈ విద్యకు ఆమె పేరు పెట్టలేదు. పేరు లేనిదాన్ని పాఠ్యక్రమంలో పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల జాబితాలో ఉన్న ఒకే ఒక స్త్రీ ఆమె. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై అయిదేళ్లని ముసాయిదాలో ఉంటే, దాన్ని ముప్పైకి తగ్గించాలని వాదించి నెగ్గారు. యువతకు బుద్ధి తక్కువ అన్న మాటను ఆమె అంగీకరించలేదు.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఓటమి కూడా ఒక పాఠశాలే అనే వాక్యం ఇక్కడ రాయడానికి కలం వెళ్లింది గాని, అలా తేలికగా చెప్పదగిన విషయం కాదది. ప్రణాళికా సంఘంలో సభ్యత్వం లభించింది. 1953 జనవరి 22న ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహమైంది. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది, ఆమె దానికి మొదటి అధ్యక్షురాలు.

ఈ మండలి చేసిన పనుల్లో రెండు మన విషయానికి చాలా దగ్గరవి. మొదటిది, 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సులు. గ్రామాల్లో పనిచేయడానికి సేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావాలి. అర్హత ఉన్న స్త్రీలు లేరు. ఉన్నవారంతా మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఆగినవారు. పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల లోపు వారిని రెండేళ్లలో మెట్రిక్యులేషన్ దాకా తీసుకువెళ్లే ఏర్పాటు ఇది. మద్రాసు వసతి గృహంలో చేసి చూసినదే దేశమంతటికీ విస్తరించింది.

రెండవది అంతగా ప్రచారంలోకి రాలేదు. 1950ల మధ్యలో మండలి, ఆచార్య ఎం.ఎస్. గోరే గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. జైళ్లు, బాల నేరస్థుల పాఠశాలలు, అనాథ గృహాలు, రక్షణాలయాల నుంచి బయటికి వచ్చేవారి గతి ఏమిటి అన్నది దాని ముందున్న ప్రశ్న. లోపల ఉన్నంతకాలం ప్రభుత్వం చూసుకుంటుంది. గేటు దాటిన మరునాడు? దీనికే అనంతర సంరక్షణ అని పేరు వచ్చింది. ఆ సిఫారసుల మీదనే రెండవ ప్రణాళిక కాలంలో రాష్ట్రాలలో ఇటువంటి గృహాలు ఏర్పడ్డాయి. అందులో కొన్ని కాలక్రమంలో, మనుషులను గోడల వెనుక నిలవ ఉంచే చోట్లుగా దిగజారాయన్న విమర్శ ఉంది. అది కాదనలేము. మంచి ఆలోచనను ఫైలులో పెడితే ఫైలు స్వభావం దానికీ పట్టుకుంటుంది. అయినా, సంస్థ పని గేటు దగ్గర ముగియదన్న విషయాన్ని ప్రభుత్వం చేత ఒప్పించడం సామాన్యం కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, పద్దెనిమిదేళ్లు నిండి సంరక్షణ గృహం వదిలే యువతకు సహాయం అందాలని చెబుతుంది. నిబంధనల ప్రకారం అది ఇరవై ఒకటి వరకు, అవసరమైతే ఇరవై మూడు వరకు సాగవచ్చు. అరవై ఏళ్ల కిందటి ప్రశ్నకు జవాబు అది. మామూలు వసతి గృహాల పిల్లలు ఆ చట్టం పరిధిలోకి రారు. వారికి పదో తరగతి మార్కుల పత్రమే వీడ్కోలు.

ఢిల్లీలో అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు కూడా ఆమె అదే దారి పట్టారు. అంధ బాలలకు బడి, వసతి గృహం, దానితోపాటు చిన్న ఇంజనీరింగు పనులు నేర్పే కర్మశాల. చూపులేని పిల్లవాడి చేతికి యంత్రం ఇవ్వడానికి భయపడేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల తీరు ఆమె మనసులో నాటుకుంది. మన దేశంలోనూ అటువంటివి కావాలని న్యాయమూర్తులతో, ప్రధానితో చర్చించారు. వేలూరు జైలులో చూసిన స్త్రీలను ఆమె మరచిపోలేదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేళ్లయింది.

చివరి సంవత్సరాలు ఎక్కువగా హైదరాబాదులో గడిచాయి. ఆంధ్ర మహిళా సభ అక్కడ కళాశాలలు, ఆసుపత్రి, అక్షరాస్యతా కేంద్రం నెలకొల్పింది. విద్యానగర్‌లో ఆసుపత్రి ఈనాటికీ ఆమె పేరుతోనే ఉంది. మన నిజామాబాద్ నుంచి వైద్యానికి వెళ్లే వారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు తక్కువ. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న మరణించారు. మరుసటి ఏడాది దేశ్‌ముఖ్ గారు కూడా వెళ్లిపోయారు.

మా వసతి గృహం చిన్నది, ముప్పై మంది పిల్లలు. ఈ జీవితం చదివాక మేము చేసిన మార్పు కూడా చిన్నదే. శనివారం కూరగాయల బజారు బాధ్యత పిల్లలకు అప్పగించాము. నలుగురు చొప్పున వంతులు. వంటమనిషి ఎంత కావాలో చెబుతుంది. డబ్బు, సంచులు, లెక్కల పుస్తకం వారి చేతిలోనే. ఏమి కొనాలో ముందురోజు రాత్రి అందరూ కూర్చుని తేల్చుకుంటారు. ఆ అరగంటా నేను గది బయట ఉంటాను. అది నాకే ఎక్కువ కష్టంగా ఉంది. మొదటి వారం పుచ్చు వంకాయలు తెచ్చారు. రెండో వారం, తెచ్చినవారి మీద మిగిలినవారు విరుచుకుపడ్డారు. ఒకడు అన్నం మానేశాడు. ఈసారి నేను ఉపదేశం చేయలేదు. పక్కన కూర్చుని ఏమైందని అడిగాను. చాలాసేపు జవాబు రాలేదు. అందరి ముందు లెక్క అడిగితే తనకు నోరు రాదని చివరికి చెప్పాడు. మరుసటి శనివారం లెక్కల పుస్తకం వేరొకడు తీసుకున్నాడు, బేరమాడే పని వీడికి ఇచ్చారు. పన్నెండు రూపాయలు తక్కువ వచ్చాయి. ఆ పన్నెండు రూపాయలు ఎక్కడ పోయాయో రాత్రి ప్రార్థన గంట కొట్టేదాకా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.